బ్రాంట్‌ఫర్డ్ వాళ్ళలో గ్రెట్స్కీ కాకుండా ఇంకెవరున్నారు? మా వాడి స్కూల్ ప్రాజెక్టుకి కావాలి

తణుకు_అమ్మాయి:

అందరికీ నమస్తే అండీ. అద్దెలు భరించలేక జూలైలో బ్రాంప్టన్ నుంచి బ్రాంట్‌ఫర్డ్‌కి మారాం. మా వాడు గ్రేడ్ 4. వాళ్ళ టీచర్ "మన ఊరి ప్రముఖులు" అని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పెద్ద చార్టు మీద బొమ్మలు వేసి, నాలుగు ముక్కలు రాసి, క్లాసు ముందు నిలబడి మూడు నిమిషాలు మాట్లాడాలి. క్లాసులో సగం మంది అప్పుడే ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ పేరు రాసేసుకున్నారట, ఇక ఆ పేరు వద్దు, వేరే ఎవరినైనా చూసుకోమని టీచర్ చెప్పారు.

నాకు ఈ ఊరి గురించి తెలిసింది చాలా తక్కువ. గ్రాండ్ నది ఉంది, లక్ష పైచిలుకు జనాభా ఉంది, టొరంటో నుంచి గంటకి పైగా డ్రైవింగ్, ఊరి మధ్య రోడ్డుకి గ్రెట్స్కీ పేరు, స్విమ్మింగ్‌పూల్ ఉన్న స్పోర్ట్స్ సెంటర్‌కీ గ్రెట్స్కీ పేరు. అంతే. మా వాడేమో వచ్చి నాలుగు నెలలు కాకుండానే "మన ఊరు, మన ఊరు" అంటున్నాడు. నాకు మన ఊరంటే తణుకే గుర్తొస్తుంది, వాడికి మాత్రం ఇదే. అందుకని ఏదో ఒక పేరు వెతికి అంటించేసి చేతులు దులుపుకోవాలని లేదు, వాడికి నిజంగా నచ్చే మనిషి దొరకాలని ఉంది.

ఇంకో సందేహం కూడా. ఇక్కడ పుట్టినవాళ్ళే ఈ ఊరివాళ్ళా, కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయినవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారా? ఇక్కడ ఎక్కువ కాలం నుంచి ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

పాతకాపు_2004:

అమ్మా, నేను 2004 నుంచి ఇక్కడే ఉన్నాను. ముందు ఒక మాట, గ్రెట్స్కీని అంత తేలిగ్గా వదిలెయ్యకండి. ప్రాజెక్టుకి పెట్టకపోయినా పర్లేదు, మీ వాడికి ఆ కథ మాత్రం చెప్పండి, ఎందుకంటే అది రికార్డుల కథ కంటే పెరడు కథ. వారాడీ ఎవెన్యూలో మామూలు ఇల్లు వాళ్ళది. తండ్రి వాల్టర్ టెలిఫోన్ కంపెనీలో, అంటే బెల్ కెనడాలో పనిచేసేవాడు. చలికాలం రాగానే పెరట్లో నీళ్ళు పెట్టి, గడ్డకట్టాక దాన్నే రింక్‌గా చేసి, ఖాళీ డబ్బాలూ సీసాలూ వరసగా పెట్టి, వాటి మధ్యలోంచి పక్, అంటే ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ళ, తోసుకుంటూ వెళ్ళమనేవాడు. పక్ ఇప్పుడు ఎక్కడుందో కాదు, ఎక్కడికి వెళ్తుందో చూసి అక్కడికి వెళ్ళాలి అని కొడుక్కి నేర్పింది ఆయనే. ఆరేళ్ళ పిల్లాడు పదేళ్ళ వాళ్ళతో ఆడేవాడు, జెర్సీ మరీ పెద్దదైపోయి చేతికి అడ్డం పడుతుంటే ఒక పక్క ప్యాంటులోకి దోపేవాడు. పెద్దయ్యి ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడయ్యాక కూడా ఆ జెర్సీ అలాగే ఒక పక్క దోపుకుని ఆడాడు. పాత వీడియోలు చూపించండి, మీ వాడికి భలే నచ్చుతుంది.

పదేళ్ళ వయసులో ఒక్క సీజన్లో 378 గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత మొత్తం ఇక్కడి పెద్ద హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 894 గోల్స్. ఆ రికార్డుని 2025 ఏప్రిల్‌లో ఒవెచ్కిన్ దాటాడు కానీ, 1,963 అసిస్టులున్నాయే, వాటి దరిదాపుల్లోకి కూడా ఎవరూ రాలేదు. ఆయన గోల్స్ అన్నీ పక్కన పెట్టేసి ఒక్క అసిస్టులే లెక్కేసినా, ఇంకే ఆటగాడి మొత్తం పాయింట్ల కంటే అవే ఎక్కువ. ఇతరులకి పాస్ ఇచ్చి గోల్ చేయించినవి అన్నమాట అవి. నాకు ఆయనలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే.

కానీ ఒక బాధ కలిగించే సంగతి కూడా ఉంది. పద్నాలుగేళ్ళకే ఈ ఊరు వదిలి టొరంటో వెళ్ళి ఆడాడు. ఇక్కడ ఒత్తిడి ఎక్కువైపోయింది, మిగతా పిల్లల తల్లిదండ్రులకి కంటగింపు. ఇప్పుడు రోడ్డుకి పేరు పెట్టుకున్న ఊరే అప్పట్లో ఒక పిల్లాణ్ణి స్థిమితంగా ఆడుకోనివ్వలేదు. వాల్టర్ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, 2021లో పోయేదాకా ఈ ఊళ్ళోనే ఉన్నాడు. చూద్దామని ఇంటికొచ్చిన వాళ్ళని లోపలికి పిలిచి కప్పులూ పతకాలూ చూపించేవాడని పాతవాళ్ళు ఎవరినడిగినా చెప్తారు. నన్నడిగితే "ఊరి మనిషి" అంటే వాల్టరే.

గ్రెట్స్కీ వద్దంటే నా ఓటు జేమ్స్ హిల్లియర్‌కి. 1915లో ఇక్కడే పుట్టాడు, ఇక్కడి హైస్కూల్లోనే చదివాడు, స్కాలర్‌షిప్ మీద టొరంటో యూనివర్సిటీకి వెళ్ళాడు. 1938లో ఆల్బర్ట్ ప్రీబస్ అనే ఇంకో కుర్రాడితో కలిసి, ఇద్దరూ ఇంకా స్టూడెంట్లుగా ఉండగానే, ఉత్తర అమెరికాలో పనికొచ్చే మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తయారుచేశాడు. మామూలు మైక్రోస్కోప్‌లో కనపడని వైరస్‌లు కనపడ్డాయంటే అలాంటి యంత్రాల వల్లే. సైన్స్ ఇష్టమైన పిల్లాడైతే ఈయన్ని పెట్టండి.

కోనసీమ_కుర్రాడు:

అక్కా, నేను డౌన్‌టౌన్‌లో కాలేజీలో చదువుతున్నా. బెల్‌ని మర్చిపోయారేంటి అందరూ? అలెగ్జాండర్ గ్రాహం బెల్. ఈ ఊరిని టెలిఫోన్ సిటీ అని పిలిచేదే ఆయన వల్ల. నేను పోయిన వేసవిలో బెల్ హోమ్‌స్టెడ్‌కి వెళ్ళొచ్చా, టుటెలో హైట్స్ అని నది పక్కన గట్టు మీద ఉంటుంది, తెల్లటి ఇల్లు. బ్రిటన్‌లో ఇద్దరు అన్నదమ్ములు క్షయతో చనిపోతే, మిగిలిన ఈ ఒక్క కొడుకైనా బతకాలని తల్లిదండ్రులు 1870లో ఇక్కడికి తీసుకొచ్చేశారు. ఇక్కడి గాలికి ఆరోగ్యం కుదుటపడింది. ఇంటి వెనక గట్టు మీద కూర్చుని నదిని చూస్తూ ఆలోచించుకునేవాడట. 1874 జూలై 26న టెలిఫోన్ ఎలా పనిచేయొచ్చో తండ్రికి మొదటిసారి చెప్పింది ఈ ఇంట్లోనే.

నాకు బాగా నచ్చింది 1876 ఆగస్టు సంగతి. అప్పటికే బోస్టన్‌లో పక్క గదిలోకి మాట వినిపించింది, ఇప్పుడు దూరం వెళ్తుందో లేదో చూడాలి. టెలిగ్రాఫ్ తీగలు ఊళ్ళోకి ఉన్నాయి కానీ అక్కణ్ణుంచి వీళ్ళింటికి లేవు. అప్పుడు ఏం చేశాడంటే, ఊళ్ళో కొట్లలో పొయ్యి గొట్టాలు కట్టే ఇనుపతీగ ఎంత ఉంటే అంతా కొనేసి, పొలాల కంచెల వెంబడి మేకులు కొట్టుకుంటూ ఇంటిదాకా లాగాడు. ఆ తర్వాత ఆగస్టు 10న పక్కనున్న పారిస్ ఊరికి వెళ్ళి ఒక చెప్పుల కొట్లో కూర్చుని విన్నాడు. మధ్యలో 13 కిలోమీటర్లు. మొదట బరబరా శబ్దం తప్ప ఏం లేదు, తీగచుట్ట మార్చమని టెలిగ్రాఫ్ కొట్టి చెప్పాక మాటలు తేటగా వచ్చాయి. అందులో వాళ్ళ నాన్న గొంతు గుర్తుపట్టాడు! నేను రోజూ రాత్రి అమలాపురం ఫోన్ చేసి మా నాన్న గొంతు వింటాను అక్కా, అక్కడ నిలబడి ఆ బోర్డు చదువుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పాతకాపు_2004:

బాగా చెప్పావు తమ్ముడూ. ఇందాక వాల్టర్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడన్నాను కదా, ఆ కంపెనీ పేరు కూడా ఈ బెల్‌దే. ఒకటి మాత్రం కలపాలి, బెల్ ఇక్కడ పుట్టలేదు. పుట్టింది ఎడిన్‌బరోలో, పని చేసింది బోస్టన్‌లో. ఆలోచన పుట్టింది బ్రాంట్‌ఫర్డ్‌లో, వస్తువు పుట్టింది బోస్టన్‌లో అని ఆయనే చెప్పేవాడు. కాబట్టి ఊరివాడా కాదా అంటే, నా దృష్టిలో ఊరివాడే. తల్లిదండ్రుల ఇల్లు ఎక్కడుంటే అదే ఊరు.

ఇంకో సంగతి. బెల్ తల్లికీ భార్యకీ వినపడదు, ఆయన బతుకంతా బధిరులకి పాఠాలు చెప్పాడు. కానీ వాళ్ళ సైగల భాషను మాత్రం ప్రోత్సహించలేదు, నోటితోనే మాట్లాడాలని పట్టుబట్టాడు, దానివల్ల తమకి నష్టం జరిగిందని బధిరులు ఈరోజుకీ అంటారు. గ్రేడ్ 4 పిల్లాడికి ఇదంతా అక్కర్లేదనుకుంటాను గానీ పెద్దవాళ్ళకి తెలిసి ఉండాలి.

స్నో_షవల్:

ఫిల్ హార్ట్‌మన్ కూడా ఇక్కడే పుట్టాడు, 1948లో. అమెరికా కామెడీ షోల్లో పెద్ద పేరు, ద సింప్సన్స్‌లో చాలా గొంతులు ఆయనవే. కానీ పదేళ్ళకే కుటుంబం అమెరికా వెళ్ళిపోయింది, 1998లో ఆయన చనిపోయిన తీరు చిన్నపిల్లలకి చెప్పేది కాదు. ఈ పేరు వదిలెయ్యండి.

నల్లరేగడి:

నేను ఉండేది లండన్, ఒంటారియోలో, అప్పుడప్పుడు బ్రాంట్‌ఫర్డ్ మీదుగా వెళ్తుంటాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి ఒక ప్రశ్న: ఎర్ర రంగు మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ చూడనివాళ్ళు ఉన్నారా? మా తాతకి ఉండేది. చెన్నైలో టాఫే వాళ్ళు చేసేవాళ్ళు. బానెట్ మీద ఆ పేరు పక్కన కూర్చుని పొలానికి వెళ్ళినవాణ్ణి నేను. ఇక్కడికొచ్చిన చాలా ఏళ్ళకి తెలిసింది, ఆ కంపెనీ వేళ్ళలో ఒకటి బ్రాంట్‌ఫర్డ్‌లో ఉందని. ఇక్కడ హారిస్ కుటుంబం కోతయంత్రాలు చేసేది, టొరంటో మాస్సీ వాళ్ళ కంపెనీతో 1891లో కలిసిపోయి మాస్సీ-హారిస్ అయింది. 1953లో ఫెర్గూసన్ వచ్చి చేరాడు, తర్వాత పేరులోంచి హారిస్ పోయింది. కాక్‌షట్ అని ఇంకో నాగళ్ళ కంపెనీ కూడా ఇక్కడిదే. ఒకప్పుడు ఈ ఊరు మొత్తం ఆ పనిముట్ల మీదే బతికింది. 1980ల్లో ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి, 1988లో మాస్సీ కంబైన్స్ దివాలా తీసింది. డౌన్‌టౌన్ వెలవెలబోయింది. 1999లో లారియర్ యూనివర్సిటీ పాత లైబ్రరీ భవనంలో క్యాంపస్ తెరిచాకే మళ్ళీ కుర్రాళ్ళు కనపడటం మొదలైంది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఆ హారిస్‌ల ఇంట్లో 1885లో బ్రాంట్‌ఫర్డ్‌లోనే పుట్టాడు లారెన్ హారిస్. కెనడా చిత్రకారుల్లో ఆయన్ని మించిన పేరు దొరకడం కష్టం. ఫ్యాక్టరీ ఆస్తి ఉంది కాబట్టి పూట గడవడానికి బొమ్మలు అమ్ముకోవాల్సిన అవసరం లేదు, ఆ వెసులుబాటుని తన ఒక్కడి కోసం వాడుకోకుండా తోటి చిత్రకారులకి టొరంటోలో స్టూడియో భవనం కట్టించాడు. 1920లో ఏడుగురు కలిసి గ్రూప్ ఆఫ్ సెవెన్ అని పేరు పెట్టుకున్నారు. అప్పటిదాకా ఇక్కడి వాళ్ళు యూరప్ పద్ధతిలో ఆవులూ పచ్చికలూ వేస్తుంటే, వీళ్ళు సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాకీ పర్వతాల్లో, ఆర్కిటిక్‌లో తిరిగి ఈ దేశం ఎలా ఉంటుందో అలా వేశారు. హారిస్ మంచుకొండలు చూడండి, ఒక్క చెట్టు ఉండదు, ఒక్క మనిషి ఉండడు, నున్నగా నీలంగా వెలుగుతుంటాయి. 2016లో ఆయన బొమ్మ ఒకటి వేలంలో కోటి డాలర్లు దాటి, 1 కోటీ 12 లక్షలకి పోయింది.

ఇంకొకటి, ఆయన దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. అడయారులో ప్రధాన కేంద్రం ఉందే, మదనపల్లెలో వాళ్ళ కాలేజీ ఉందే, అదే సమాజం. ఆ కొండలు అంత ప్రశాంతంగా ఉండటానికి ఆ నమ్మకాలే కారణమని ఆయన మీద రాసినవాళ్ళు చెప్తారు. బొమ్మలు వేసే పిల్లాడైతే ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు, తెల్ల రంగు, నీలం రంగు ఉంటే చాలు.

గ్రాండ్_ఒడ్డున:

ఇంతమంది ఇన్ని పేర్లు చెప్పారు, ఒక్కరు కూడా సిక్స్ నేషన్స్ మాట ఎత్తలేదు, అంటే మోహాక్, ఒనొండాగా లాంటి ఆరు ఆదివాసీ జాతుల వాళ్ళ మాట. నాకు బాధేసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను నర్సుని, పన్నెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను, నాతో పనిచేసేవాళ్ళలో సగం మంది సిక్స్ నేషన్స్ వాళ్ళే. ఊరు దాటి పావుగంట వెళ్తే ఓష్వెకెన్, వాళ్ళ నేల.

అసలు ఊరి పేరే వాళ్ళ మనిషిది. జోసెఫ్ బ్రాంట్, మోహాక్ నాయకుడు, సొంత పేరు తయెండనేగియా. నదిని దాటే రేవుని "బ్రాంట్స్ ఫోర్డ్" అనేవాళ్ళు, అదే బ్రాంట్‌ఫర్డ్ అయింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ పక్షాన పోరాడి, న్యూయార్క్ వైపున్న తమ నేలంతా పోగొట్టుకుని వచ్చిన జనం వీళ్ళు. దానికి బదులుగా 1784లో గ్రాండ్ నది మొదటి నుంచి చివరిదాకా, రెండు ఒడ్డులా ఆరేసి మైళ్ళ చొప్పున ఇస్తున్నామని రాసిచ్చారు. సుమారు 9 లక్షల 50 వేల ఎకరాలు. ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది అందులో 5 శాతం. మనం అద్దెలు కడుతున్న ఇళ్ళన్నీ మిగతా 95 శాతంలో ఉన్నాయి. బ్రాంట్ కూడా మచ్చలేని మనిషి కాదు, ఆయన దగ్గర నల్లజాతి బానిసలుండేవాళ్ళు, అది దాచకూడదు. ఆయన సమాధి 1785లో కట్టిన మోహాక్ చాపెల్ పక్కన ఉంది, చూసి రండి.

ఆ చాపెల్‌కి దగ్గర్లోనే ఇంకో ఎర్ర ఇటుకల భవనం ఉంది, మోహాక్ ఇన్‌స్టిట్యూట్. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకొచ్చి, సొంత భాష మాట్లాడితే కొట్టి, పొలం పనులు చేయించిన బడి. నూట ముప్ఫై ఏళ్ళకి పైగా నడిచింది, 1970లో మూతపడింది. పిల్లలు దాన్ని మష్ హోల్ అనేవాళ్ళు. మష్ అంటే జావ, పూటపూటా అదే పెట్టేవాళ్ళు. చుట్టూ ఆపిల్ తోట ఉండేది, ఆకలికి ఒక పండు కోసుకుంటే శిక్ష. అక్కడ చదివినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. మీ వాడు సెప్టెంబర్ 30న నారింజ రంగు చొక్కా వేసుకుని స్కూలుకి వెళ్ళి ఉంటాడు, అది ఈ పిల్లల కోసమే.

ఇప్పుడు మీ వాడి ప్రాజెక్టుకి నా మాట: టామ్ లాంగ్‌బోట్. సిక్స్ నేషన్స్‌లో పుట్టిన ఒనొండాగా అబ్బాయి. ఆ బడిలో వేస్తే పారిపోయి వచ్చేశాడు, పట్టుకొచ్చి మళ్ళీ వేస్తే మళ్ళీ పారిపోయాడు. అక్కడితో ఆగలేదు ఆ పరుగు. 1907లో బోస్టన్ మారథాన్ గెలిచాడు, 2 గంటల 24 నిమిషాల 24 సెకన్లలో, అంతకుముందున్న రికార్డుని దాదాపు ఐదు నిమిషాలు తగ్గించి. ఆ పందెంలో దారికి అడ్డంగా గూడ్సు రైలు వచ్చింది, ముందున్న లాంగ్‌బోట్, ఇంకొందరు గేటు దాటేశారు, వెనకున్నవాళ్ళు బండి వెళ్ళేదాకా నిలబడిపోయారు! మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఒక దళం నుంచి ఇంకో దళానికి ఉత్తరాలు మోసుకుంటూ పరిగెత్తాడు. చనిపోయాడని తప్పుడు కబురు ఇంటికి వచ్చింది, ఆయన తిరిగొచ్చేసరికి భార్య వేరే పెళ్ళి చేసుకుంది. తర్వాత టొరంటో మునిసిపాలిటీలో వీధులు శుభ్రం చేసే విభాగంలో పనిచేశాడు. పత్రికలవాళ్ళు ఆయన గెలిచినప్పుడు పొగిడి, ఓడినప్పుడు జాతి పేరు పెట్టి సోమరి అని రాసేవాళ్ళు. ఒక రోజు కఠినంగా పరిగెత్తడం, ఇంకో రోజు తేలిగ్గా నడవడం, మధ్యలో విశ్రాంతి, ఇలా మార్చి మార్చి చేసే ఆయన పద్ధతిని అప్పట్లో తప్పుపట్టారు, ఇప్పుడు కోచ్‌లు అందరికీ చెప్పేది అదే. ఒంటారియోలో జూన్ 4 ఆయన పేరు మీద ఒక రోజు ఉంది.

అమ్మాయి అయితే పాలీన్ జాన్సన్ అని చెప్పేదాన్ని. కవయిత్రి, 1861లో పుట్టింది, తండ్రి మోహాక్ నాయకుడు, తల్లి ఇంగ్లీషావిడ. వాళ్ళిల్లు చీఫ్స్‌వుడ్ ఇప్పటికీ ఉంది. ఆ ఇంటికి వెనకవైపు అనేది లేదు. నదివైపు ఒక ముఖద్వారం, రోడ్డువైపు అచ్చం అలాంటిదే ఇంకో ముఖద్వారం. పడవల్లో వచ్చే మోహాక్ చుట్టాలు ఒకవైపు నుంచి, బండ్లలో వచ్చే తెల్లవాళ్ళు ఇంకోవైపు నుంచి, ఎవరూ దొడ్డిదారిన రానక్కర్లేదు. ఆవిడ స్టేజీ మీద పద్యాలు చదివేటప్పుడు కూడా సగం కార్యక్రమం తోలుబట్టల్లో, మిగతా సగం ఇంగ్లీషు పట్టుగౌనులో.

స్నో_షవల్:

మంచి విషయాలు చెప్పారు. కానీ టీచర్ "మన ఊరు" అన్నారు కదా, సిక్స్ నేషన్స్ వేరే కదండీ, సిటీ హద్దులో లేదు. మార్కులు తగ్గుతాయేమో.

గ్రాండ్_ఒడ్డున:

హద్దు ఎవరు గీశారో పైన రాశానండీ. లాంగ్‌బోట్ పారిపోయిన బడి సిటీ లోపలే ఉంది. బెల్ ఎడిన్‌బరోలో పుట్టి ఊరివాడయ్యాడు, అప్పుడు మార్కుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బెల్ కూడా ఈ గట్టు మీద ఉన్నన్నాళ్ళూ సిక్స్ నేషన్స్‌కి వెళ్ళి మోహాక్ భాష నేర్చుకుని, ఉచ్చారణ అంతా తండ్రి కనిపెట్టిన గుర్తుల్లో రాసుకున్నాడు, వాళ్ళు ఆయన్ని గౌరవ నాయకుణ్ణి చేశారు. ఆయనకి ఆ పావుగంట దూరం దూరం అనిపించలేదు. టీచర్‌ని ఒక మాట అడిగి చూడండి, కాదనరని నా నమ్మకం.

స్నో_షవల్:

నిజమే, అలా ఆలోచించలేదు. సారీ అండీ.

పుస్తకాల_బీరువా:

ఆలస్యంగా చూశాను. నేను హామిల్టన్‌లో ఉంటాను, ఇంగ్లీషు సాహిత్యం చదివాను. ఒక పేరు మిగిలిపోయింది, మనకి దగ్గరి పేరు కూడా. సారా జానెట్ డంకన్. పాలీన్ జాన్సన్ పుట్టిన ఏడాదే, 1861లోనే, బ్రాంట్‌ఫర్డ్‌లో పుట్టింది. టీచర్ ట్రైనింగ్ అయ్యింది, ఆ పని నచ్చలేదు, పత్రికల్లోకి వెళ్ళింది. ఆడపిల్ల పేరుతో రాస్తే వేసుకోరని మొదట్లో మగపేరు పెట్టుకుంది. 1886కల్లా టొరంటో గ్లోబ్ పత్రికలో ఉద్యోగం. 1888లో ఇంకో అమ్మాయితో కలిసి, మగతోడు లేకుండా, ప్రపంచం చుట్టిరావడానికి బయల్దేరింది. కలకత్తాలో ఆగినప్పుడు అక్కడి మ్యూజియంలో పురుగుల మీద పరిశోధన చేసే ఎవరార్డ్ కోట్స్ పరిచయమయ్యాడు. పెళ్ళి చేసుకుని కలకత్తాలోనూ సిమ్లాలోనూ దాదాపు పాతికేళ్ళు గడిపింది. 1900 ప్రాంతంలో క్షయ వస్తే, డాక్టర్లు ఆరుబయటే ఉండమన్నారని సిమ్లాలో ఇంటి తోటలోనే నెలల తరబడి ఉండి, ఆ తోట మీదే ఒక పుస్తకం రాసింది.

ఆవిడ నవలల్లో ఇప్పటికీ యూనివర్సిటీల్లో చదివించేది 1904 నాటి ద ఇంపీరియలిస్ట్. అందులో ఎల్గిన్ అనే ఊరు వస్తుంది, సంత, చర్చి, ఎన్నికలు, ఎవరు ఎవరింటికి టీకి వెళ్తారు, ఎవరు వెళ్ళరు, అన్నీ. అది పేరు మార్చిన బ్రాంట్‌ఫర్డే. ఇండియాలో బతుకుతూ వదిలొచ్చిన ఊరిని అంత వివరంగా గుర్తుపెట్టుకుని రాసింది. మనం ఇక్కడ కూర్చుని తణుకునీ అమలాపురాన్నీ తలుచుకుంటున్నట్టే. సిక్స్ నేషన్స్ వాళ్ళ గురించి ఆ నవల్లో రాసిన తీరు ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది, పైన చెప్పినవి మనసులో పెట్టుకుని చదవాలి. గ్రేడ్ 4కి కాదు గానీ తణుకు_అమ్మాయి గారూ, ఇది మీకోసం. లైబ్రరీలో దొరుకుతుంది.

తణుకు_అమ్మాయి:

ఒక్కొక్కరికీ పేరుపేరునా థాంక్స్. ఇంత రాస్తారని అనుకోలేదు. నిన్న రాత్రి అన్నీ మా వాడికి తెలుగులోనే చదివి వినిపించాను, వాడు అన్నం తినడం మానేసి విన్నాడు. పొయ్యి గొట్టం తీగ అంటే ఏంటో బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. ఆపిల్ పండు దగ్గర ఆగి, "ఒక్కటి కోసుకున్నా కొట్టేవాళ్ళా?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను, ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఈ రోజు పొద్దున టీచర్‌ని అడిగాం. సిక్స్ నేషన్స్ వాళ్ళు తప్పకుండా పెట్టొచ్చు, పెడితే సంతోషం అన్నారు. స్నో_షవల్ గారూ, టెన్షన్ పడకండి.

మధ్యాహ్నం చీఫ్స్‌వుడ్ వైపు వెళ్ళాం. బయట నుంచే చూశాం, రోడ్డువైపు నిలబడి ఒక ఫొటో, చుట్టూ తిరిగి నదివైపు ఒక ఫొటో. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎటువైపుదో మా ఆయన చెప్పలేకపోయారు, మా వాడు చెట్లని బట్టి చెప్పాడు.

వాడు టామ్ లాంగ్‌బోట్‌నే తీసుకున్నాడు. గూడ్సు రైలు వాడికి తెగ నచ్చేసింది, చార్టు మధ్యలో ఈ చివర్నుంచి ఆ చివరికి రైలు గీసేశాడు, పదకొండు పెట్టెలు. రైలుకి ఇటుపక్క పరిగెత్తేవాళ్ళు, అటుపక్క ఆగిపోయినవాళ్ళు. ఇప్పుడు యుద్ధం సంగతి రాయడానికి చోటే లేదు, రెండు పెట్టెలు చెరిపెయ్యరా అంటే ఒప్పుకోవడం లేదు. చివరికి పెట్టెల మీదే రాయమన్నాను, ఒక పెట్టె మీద 1907, ఒక పెట్టె మీద ఫ్రాన్స్, ఇంజను మీద టైమింగ్.

గ్రాండ్_ఒడ్డున గారూ, ఒక్క సాయం చేయండి. "ఒనొండాగా" ఎలా పలకాలి? క్లాసులో వాడి పక్కన కూర్చునే అబ్బాయి సిక్స్ నేషన్స్ నుంచే వస్తాడట, వాడి ముందు తప్పు పలకకూడదని ఒకటే గోల. సోమవారం ప్రెజెంటేషన్.

గ్రాండ్_ఒడ్డున:

ఇంగ్లీషులో అయితే ఆ-నన్-డా-గ, "డా" మీద ఒత్తి పలకాలి. వాళ్ళ భాషలో పలికే తీరు ఇంకోలా ఉంటుంది, అది నేను రాసి చెప్పలేను. ఆదివారంలోపు ఆ పక్కన కూర్చునే అబ్బాయినే అడగమనండి.